చెఱువు గట్టుకు టిక్కెట్టు

ఆస్తి చేయి మాఱుటకు లోకమున రెండు మార్గములు కలవు. ఒకటి అమ్మకము, రెండవది గుత్త. అమ్మకమనగానే జనులు ఉలికిపడుదురు. ఊరి చెఱువును అమ్మిరనిన మఱునాడే నలుగురు కూడుదురు, పత్రికలు వ్రాయును, శాసనసభలో ప్రశ్న పుట్టును. గుత్తకిచ్చిరనిన మాత్రము ఎవరును తల యెత్తి చూడరు. "సొత్తు సర్కారుదే కదా, గడువు తీఱిన పిదప తిరిగి వచ్చును కదా" యని సమాధానపడుదురు. ఈ సమాధానము ఎంతవఱకు నిజమో మన బెంగళూరులోను, కన్నడ దేశములోని అడవి సీమలోను జరిగిన సంగతులను బట్టి విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

నేను వర్తకుడను. సర్వి గుంజలు, నీలగిరి కట్టెలు, వెదుళ్లు అమ్ముకొని జీవించువాడను. తోపులను గుత్తకు తీసికొనుట, ఆ పత్రములను చదువుట, చదివించుట నాకు నిత్యకృత్యము. కనుక గుత్తయనిన నాకు ద్వేషము లేదు. ఆ పద్ధతి లేనిచో నా యంగడియే లేదు. కాని యిన్నేండ్లలో నేను చూచిన ప్రతి పత్రమునందును నాలుగు సంగతులు తప్పక యుండును: హద్దులు, గడువు, సొమ్ము, వాయిదా తప్పినచో జరిమానా. తోపులో రాలిన చితుకులను ఏఱుకొను ముసలమ్మ పేరు ఏ పత్రమునందును నేను చూడలేదు. ఆ తోపు నడుమనుండి బడికి పోవు పిల్లల కాలిబాటయు అందు కనబడదు. మేకలను తోలుకొని వచ్చు కుఱ్ఱవాని ప్రసక్తి యుండదు. వీరి యనుభవము తాతల నాటిది. ఐనను అది వ్రాత కెక్కలేదు. పత్రముపై సంతకము పడిన మఱుక్షణము ముసలమ్మ దొంగ యగును, బాట మూతపడును, మేకలు బందెలదొడ్డికి పోవును. వారిలో నెవరును ఏమియు చేయలేదు. వారి నెవరును అడుగనుకూడ లేదు.

అమ్మకమునకును గుత్తకును గల భేదము యజమానికే కాని దారిని పోవువానికి కాదు. యజమానికి గడువు తీఱిన పిమ్మట సొత్తు తిరిగి వచ్చును. దారిని పోవువాడు అంతలో వేఱు దారి వెదకుకొనును, మేకలను అమ్ముకొనును, వల విడిచి కూలికి పోవును. ముప్పది యేండ్లకు తలుపు తెఱచినను ఆ తలుపులో అడుగిడుట యెఱిగినవాడు మిగులడు. అలవాటుతో వచ్చిన హక్కు అలవాటు తప్పుటతోనే పోవును. గుత్త వలని నష్టమంతయు ఇందే యున్నది.

ఈ సంగతి తెలుగువారి సంఘ పత్రికలో నెందులకని కొందఱు అడుగవచ్చును. మనము ఈ నగరమునకు నిన్న వచ్చినవారము కాము. కెంపేగౌడ 1537లో ఈ పట్టణమునకు పునాది వేసెనని చరిత్ర చెప్పుచున్నది. ఆయన విజయనగర ప్రభువులకు సామంతుడు; తెలుగున "గంగాగౌరీ విలాస"మను యక్షగానమును రచించెనని ప్రతీతి. నాటినుండియు పేట వీథులలో తెలుగు మాట వినబడుచునే యున్నది. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. మైసూరు సీమలో చెఱువులు త్రవ్వుట, గట్లు పోయుట, తూములకు రాయి చెక్కుట కులవృత్తిగా గలవారు వడ్డెవారు. కన్నడ దేశమున వారిని ఒడ్డరులనియు భోవులనియు పిలుతురు. వారి యింటి మాట తెలుగు. ఈ చుట్టుపట్ల గల చెఱువు గట్లలో ఎన్నింటిపై తెలుగు చెమట పడినదో లెక్కపెట్టగలవారు లేరు. త్రవ్వినవారి మనుమలు నేడు టిక్కెట్టు కొని ఆ గట్టుపై నడువవలసి వచ్చినచో, అది మన సంఘమునకు పట్టని సంగతి యగునా?

బెంగళూరు ఏటి యొడ్డున పుట్టిన నగరము కాదు. ఎత్తైన దిన్నెపై వెలసినది. ఆ దిన్నెనుండి వాన నీరు మూడు లోయలుగా దిగును: కోరమంగల–చల్లఘట్ట లోయ, హెబ్బాళ లోయ, వృషభావతి లోయ. ఆ లోయల వెంబడి పెద్దలు గొలుసుకట్టుగా చెఱువులు కట్టిరి. పై చెఱువు నిండి అలుగు పాఱిన నీరు క్రింది చెఱువును చేరును. చెఱువు నీరు పొలమునకు, ఊట బావికి, తడి మట్టి ఇటుకకు, తుంగయు గడ్డియు పశువునకు, చేప పేదవాని కూటికి, గట్టుమీది రాయి చాకలివానికి. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క హక్కుదారు. నీరు వదలుటకు నీరుగంటి యని యొక ఊరి సేవకుడుండెను. అతనికి మాన్యముండెను. చెఱువు ఎవరిదియు కాని సొత్తు కాదు. అందఱికిని చెందినది, అందఱికిని కట్టుబాటు గలది.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములో హెసరఘట్ట నీరు గొట్టములలో నగరమునకు వచ్చినది. తరువాత 1933లో తిప్పగొండనహళ్లి నీరు, 1974లో కావేరి నీరు వచ్చినవి. ఇంటిలో కొళాయి తిరిగిన దినముననే ఊరి చెఱువుపై మన చూపు మరలినది. ధర్మాంబుధి చెఱువున్న చోట నేడు కెంపేగౌడ బస్సు నిలయము కలదు. సంపంగి చెఱువున్న చోట కంఠీరవ క్రీడామైదానము వెలసినది. కరగ యుత్సవము కొఱకు ఒక చిన్న గుంట మాత్రము మిగిలినది. శూలె చెఱువు పుట్బాలు మైదానమైనది. కోరమంగల చెఱువు 1997 నాటి జాతీయ క్రీడలకై కట్టిన క్రీడాగ్రామములో కలిసిపోయినది. ఇవన్నియు పూడ్చబడిన చెఱువులు. పూడ్చుట కంటికి కనబడును. అందువలననే దానిపై ఆందోళన పుట్టినది. లక్ష్మణరావుగారి అధ్యక్షతన ప్రభుత్వము కమిటీని నియమించినది. ఆ కమిటీ 1986లో, మిగిలిన చెఱువులనైన చెడగొట్టక నిలుపవలెనని చెప్పినది.

పూడ్చుట తప్పని ఒప్పుకొనిన తరువాత వచ్చినదే గుత్త. 2002లో కర్ణాటక ప్రభుత్వము చెఱువుల యభివృద్ధి కొఱకు ఒక అథారిటీని ఏర్పఱచినది. చెఱువులను బాగుచేయుటకు సొమ్ము చాలదనియు, ఖాసగీ సంస్థలకు గుత్తకిచ్చినచో వారు పూడిక తీసి, గట్టు బాగుచేసి, తోటలు వేసి, దానికి బదులుగా పడవలు, ఫలహారశాలలు నడుపుకొని సొమ్ము రాబట్టుకొందురనియు ఆ యథారిటీ తలచినది. కొలది సంవత్సరములలోనే హెబ్బాళ చెఱువు ఒబెరాయ్ హోటళ్ల యాజమాన్య సంస్థకును, నాగవార చెఱువు లుంబినీ గార్డెన్స్ సంస్థకును, కృష్ణరాజపురము వద్ద వెంగయ్యన చెఱువు పార్–సి సంస్థకును, ఆగర చెఱువు బయోటా సంస్థకును గుత్తకు పోయినవి. నాలుగు చెఱువులును నీటి చెఱువులుగానే యుండెను. పూడ్చినవారు లేరు. నిరుడు గట్టుపై నడచినవాడు ఈ యేడు టిక్కెట్టు కొనవలసి వచ్చుటయే మాఱ్పు.

టిక్కెట్టు ధర యెంత యని కాదు ప్రశ్న. ఉద్యోగము గలవానికి అది కాఫీ ఖర్చు. కాని గడ్డి కోసుకొను ఆడుది దినమునకు రెండు మాఱులు వచ్చును. బట్టలుతుకువాడు ప్రతి దినము వచ్చును. వలవేయువాడు తెల్లవాఱక మునుపే వచ్చును. వీరికి టిక్కెట్టు చెల్లదు. వీరిని టిక్కెట్టు ఇచ్చి కూడ లోనికి రానీయరు. విహారమునకు వచ్చువారికి గడ్డిమోపులును, బట్టల మూటలును, చేపల వాసనయు గిట్టవు. అట్లు ఆ స్థలము జీవనాధారమను రూపమును వీడి వేడుక యను రూపమును దాల్చినది. వేడుక తప్పు కాదు. ఐనను ఒకరి వేడుక కొఱకు మఱియొకరి కూటిని తీసినప్పుడు, తీయబడినవానిని అడుగుటయైన మర్యాద కదా.

2008లో బెంగళూరులోని ఎన్విరాన్‌మెంట్ సపోర్ట్ గ్రూప్ అను సంస్థవారు ఈ గుత్తలపై కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున ప్రజాహిత వ్యాజ్యము వేసిరి. న్యాయమూర్తి ఎన్. కె. పాటిల్ గారి అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడినది. ఆ కమిటీ 2011లో నివేదిక నిచ్చినది. 2012 ఏప్రిల్‌లో వ్యాజ్యము ముగియునప్పుడు, చెఱువుల రక్షణకై జిల్లాకొక కమిటీ యుండవలెననియు, ఆక్రమణలు తొలగింపవలెననియు న్యాయస్థానము ఆదేశించినది. వ్యాజ్యము వేసినవారు లేకున్నచో ఈ నాలుగింటితో ఆగియుండునని నమ్ముటకు ఆధారము లేదు. అది యొక చిన్న సంస్థ. లక్షలమంది పౌరులున్న నగరములో ఆ పని వారికి వదలితిమి.

ఇక అడవి సీమకు పోదము. ఇది నా వృత్తికి దగ్గఱి సంగతి. 1984లో కర్ణాటక ప్రభుత్వమును, హరిహరములోని పాలీఫైబర్స్ కర్మాగారమును కలిసి కర్ణాటక పల్ప్‌వుడ్ లిమిటెడ్ అను కంపెనీని స్థాపించినవి. ప్రభుత్వమునకు నూటికి 51, కర్మాగారమునకు నూటికి 49 వంతులు. ఉత్తర కన్నడ, ధారవాడ, శివమొగ్గ, చిక్కమగళూరు జిల్లాలలో ఇంచుమించు 30,000 హెక్టేర్ల సి, డి తరగతి భూములను ఆ కంపెనీకి అప్పగించి, నీలగిరి చెట్లు పెంచి, ఆ కలపను గుజ్జు కొఱకు కర్మాగారమునకు చేర్చవలెనని యేర్పాటు. కాగితముపై ఆ భూములు పాడుపడిన బీళ్లు. చుట్టుప్రక్కల పల్లెలకు మాత్రము అవి పశువుల మేత, వంటచెఱకు, పొలమునకు ఆకు ఎరువు, కఱవు వచ్చినప్పుడు కడుపు నింపు దుంపలు, పండ్లు. నీలగిరి ఆకును పశువు ముట్టదు. ఆ చెట్టు క్రింద గడ్డి సరిగా మొలవదు. నేను ఆ కఱ్ఱను అమ్మువాడను. దాని గుణము నాకు తెలియును. గుంజకు మంచిది, గోవునకు కాదు.

ధారవాడలోని సమాజ పరివర్తన సముదాయ మను సంస్థ, పల్లెవాసులు కలిసి దీని నెదిరించిరి. సుప్రీం కోర్టులో వేసిన దరఖాస్తునకు కన్నడ నవలాకారుడు శివరామ కారంతులు మొదటి దరఖాస్తుదారు. 1987 నవంబరు 14న హానగల్ తాలూకా కుసనూరులో జనులు కూడి నీలగిరి మొక్కలను పెఱికి, ఊరికి పనికివచ్చు మొక్కలను నాటిరి. దానికి వారు పెట్టిన పేరు "కిత్తికో – హచ్చికో", అనగా పెఱుకుము, నాటుము. 1991లో ఆ కంపెనీ మూతపడినది. గమనింపవలసిన దేమనగా, ఈ సందర్భమున ప్రభుత్వమే పెద్ద వాటాదారు. సర్కారు చేతిలో నున్నది కావున ప్రజలదే యని ధైర్యపడుట చాలదని కుసనూరు చెప్పుచున్నది. కంచెయే చేను మేసిన సామెత ఇట్టి చోటనే పుట్టినది.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో అడవి జంతువు ప్రజల సొత్తని చట్టము. కాని అది తిరుగు నేల చాలచోట్ల కలప కంపెనీలది. పూర్వము ఆ కంపెనీలు తమ అడవులలో వేటగాండ్రను ఊరకే రానిచ్చెడివి. పిదప దక్షిణ రాష్ట్రములలో వేట క్లబ్బులకు సంవత్సరపు గుత్తకు ఇచ్చుట ఆచారమైనది. పసిఫిక్ తీరమున వాషింగ్టన్ రాష్ట్రములో వెయర్‌హౌసర్ అను గొప్ప కలప కంపెనీ 2013 నుండి తన యడవులలో కొన్నింటికి ప్రవేశ రుసుము పెట్టినది. జింక ప్రజలదే, వేట లైసెన్సు ప్రభుత్వముదే, తలుపు తాళము మాత్రము కంపెనీది. సొమ్ము గలవాడు క్లబ్బులో చేరును. లేనివాడు తండ్రితో కూడ తిరిగిన యడవిని బాటమీద నిలిచి చూచును. మన చెఱువు గట్టుమీది గడ్డి కోయు ఆడుదానికిని, ఆ దేశపు పేద వేటగానికిని భాష వేఱు, కులము వేఱు, సంకట మొక్కటే.

వేట మాట వచ్చినది కనుక ఒక్క సంగతి స్పష్టము చేయవలెను. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము మేతను, చేపలను, అటవీ ఫలములను హక్కులుగా గుర్తించినను, వేటను ఆ హక్కులనుండి తీసివేసినది. మన తెలుగు సీమలలో బోయలు, చెంచులు వేటతో బ్రతికినవారు. వారికి కలిగిన కష్టము చిన్నది కాదు. ఐనను పులియు లేడియు మిగులవలెనన్నచో ఆ నిషేధము తప్పదని నా నమ్మకము. అక్కడ తలుపు మూసినది ప్రాణిని కాచుటకు. గొప్పవానికిని పేదవానికిని సమానముగ మూసినది. చెఱువు గట్టున తలుపు మూసినది ఆదాయము కొఱకు. సొమ్ము గలవానికి తెఱచి, లేనివానికి మూసినది. రక్షణకై మూయుట వేఱు, రాబడికై మూయుట వేఱు. ఈ రెండింటిని కలగాపులగము చేసి "పర్యావరణ రక్షణ" యను ఒక్క పేరు పెట్టి గుత్త పత్రములు వ్రాయుచున్నారు. మనము విడదీసి చూడవలెను.

స్కాట్లండు దేశము 2003లో ఒక చట్టము చేసినది. భూమి ఎవరిదైనను, పంటకును ఇంటికిని హాని చేయక, బాధ్యతతో నడచిపోవు హక్కు అందఱికిని గలదని ఆ చట్టము చెప్పుచున్నది. ఆ నడక హక్కులో వేటాడుట, తుపాకి కాల్చుట, చేపలు పట్టుట చేరవని కూడ అందే వ్రాసిరి. హక్కు లేదా నిషేధము అని రెండే మాటలతో సరిపెట్టక, ఏది చేయవచ్చునో ఏది కూడదో వ్రాతలో పెట్టిరి. మనకు కావలసినది ఇట్టి వ్రాతయే.

మన న్యాయస్థానములును ఈ విషయమున మౌనముగ నుండలేదు. హిమాచల ప్రదేశమున బియాస్ నది యొడ్డున అటవీ భూమిని ఒక మోటలు కంపెనీకి గుత్తకిచ్చిన వ్యవహారములో, 1996 డిసెంబరున సుప్రీం కోర్టు ఆ గుత్తను రద్దుచేసినది. నదులు, అడవులు, గాలి మొదలగువానికి ప్రభుత్వము యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే యని ఆ తీర్పు సారాంశము. దేవుని సొమ్మును ధర్మకర్త కాపాడవచ్చును, తన యిష్టము వచ్చినట్లు పంచిపెట్టరాదు. మన వర్తకులలో దేవస్థాన కమిటీలలో కూర్చుండినవారికి ఈ సూత్రము చెప్పనక్కఱలేదు. 2006లో మన తిరుపతి దగ్గఱి అవిలాల, పేరూరు చెఱువుల విషయమున కూడ సుప్రీం కోర్టు ఈ సూత్రమునే చెప్పినది. అక్కడ చెఱువు భూములు ఇండ్ల కట్టడమునకు పోయినవి. కట్టినవానిని పడగొట్టింపలేదు కాని, ఇకపై కట్టరాదని న్యాయస్థానము అడ్డుపడినది. 2011 జనవరిలో పంజాబునుండి వచ్చిన వ్యాజ్యమున, ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించుటకు పథకములు వేయుడని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. చట్టము మన పక్షముననే యున్నది. కాని చట్టము తనంత తాను లేచి చెఱువు గట్టుకు నడచి రాదు.

ఎదుటి పక్షమువారి మాటను కూడ నిజాయితీగ వినవలెను. వారు చెప్పునది మూడు విధములు. మొదటిది, ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చునని సామెత. అందఱి సొత్తును ఎవరును కాపాడరు. రెండవది, ప్రభుత్వమునకు సొమ్ము లేదు. మూడవది, కంచె లేనిచో ఆక్రమణదారులును మురుగు నీరును చెఱువును మ్రింగును. ఇవి తేలికగ త్రోసివేయదగిన మాటలు కావు. బెళ్లందూరు చెఱువును ఎవరికిని గుత్తకీయలేదు. ఐనను 2015లోను 2017లోను ఆ చెఱువునుండి మంటలు లేచుట లోకమంతయు చూచినది. గుత్త లేకున్న చాలును, చెఱువు బాగుండునని నేను చెప్పుటలేదు.

మొదటి మాటకు నా సమాధానము: ఉమ్మడి సొత్తునకు కట్టుబాటు లేనప్పుడే అది పుచ్చును. నీరుగంటి యున్నన్నాళ్లు, ఎవరెంత గడ్డి కోయవలెనో ఊరు నిర్ణయించినన్నాళ్లు, చెఱువులు శతాబ్దములు నిలిచినవి. 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన ఎలినోర్ ఆస్ట్రమ్ గారు లోకములోని పెక్కు ఉమ్మడి నీళ్లను, మేత భూములను, అడవులను పరిశీలించి ఇదే చెప్పిరి: వాడుకొనువారే నియమములు చేసికొని, తప్పినవానిని తామే మందలించుకొను చోట ఉమ్మడి సొత్తు నిలుచును. రెండవ మాటకు సమాధానము మన కళ్లముందే కలదు. సర్జాపుర రోడ్డున కైకొండ్రహళ్లి చెఱువును నగర పాలక సంస్థ సొమ్ముతో, చుట్టుప్రక్కలవారి శ్రమతో బాగుచేసిరి. అక్కడ నడచువారు నడచుచుండగా గడ్డి కోసికొనువారికిని చోటు విడిచిరి. జక్కూరు చెఱువున మురుగును శుద్ధిచేసి వదలుచు, చేపలవారిని కూడ నిలిపిరి. అవి లోపము లేనివని నేననను. గుత్త తప్ప గతి లేదనుట నిజము కాదని మాత్రము అవి తెలుపుచున్నవి. మూడవ మాటకు సమాధానము: కంచె వలదని ఎవరనిరి? కంచెకు తలుపుండవలెను, ఆ తలుపు ఎవరికి తెఱువవలెనో వ్రాసి గోడకు అంటింపవలెను.

మఱియొక మాట వర్తకునిగ చెప్పుదును. గుత్తదారుని దృష్టి గడువుపై నుండును. అది యతని తప్పు కాదు, లెక్క. పదునైదేండ్ల గుత్తలో మొదటి రెండేండ్లు పెట్టుబడి, తరువాత రాబడి, చివరి రెండేండ్లలో ఒక్క కాసైన పెట్టడు. చెఱువు పూడిక పదునాఱవ యేట పెరిగినచో అతనికేమి? మేకలవాడు మాత్రము తన కొడుకు కొఱకు కూడ ఆ చెఱువును చూచును. దీర్ఘకాలపు లాభము గలవానిని వెలుపలికి పంపి, కొద్ది కాలపు లాభము గలవానిని లోనికి పిలుచుట వ్యాపారనీతికి కూడ సరికాదు.

ఇప్పుడు మనము చేయదగినవి కొన్ని విన్నవింతును.

మొదటిది: మన కుటుంబములున్న ప్రతి పేటలోను, ప్రతి బడావణెలోను, చుట్టుప్రక్కల గల చెఱువు, గుండుతోపు, గోమాళము, కాలిబాట యెవరెవరు వాడుకొనుచున్నారో వ్రాసిపెట్టవలెను. ముసలివారిని అడిగి, ఎన్నేండ్లనుండి, ఏ ఋతువున, దేనికొఱకు అని వ్రాయవలెను. వ్రాయబడని హక్కే మొదట పోవునని పైన చెప్పితిని. దానికి మందు వ్రాయుటయే. కర్ణాటక భూరాబడి నియమములలో ఊరి పశువులు నూటికి 12 హెక్టేర్ల చొప్పున మేతకు విడువవలెనని యున్నది. ఇట్టి నియమమున్నదని తెలిసినవారు మనలో నెందఱు?

రెండవది: 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద, ఏ చెఱువు ఎవరికి, ఎంత కాలమునకు, ఏ షరతులతో అప్పగింపబడినదో అడిగి తెలిసికొనవలెను. గుత్త యను పేరే యుండదు. ఒకచోట ఒడంబడిక యందురు, మఱియొకచోట నిర్వహణ యందురు, దత్తత యందురు. పేరు చూడక షరతులు చూడవలెను. టిక్కెట్టు ఎవరు వసూలు చేయుదురు, తలుపు తాళము ఎవరి చేతిలో నుండును, పాతవారికి ఏమి హామీ గలదు: ఈ మూడు ప్రశ్నలు వేసిన చాలును.

మూడవది: ఇకముందు ఏ ఉమ్మడి స్థలమునైనను ఇతరులకు అప్పగించుటకు మునుపు అచ్చోట బహిరంగ సభ జరుపవలెననియు, వాడుకొనువారి పట్టికను పత్రమునకు జత చేయవలెననియు, ఉచిత ప్రవేశమును, బాటను తప్పక నిలుపవలెననియు ప్రభుత్వమును కోరవలెను. ఈ మహజరు కన్నడములో వ్రాయవలెను. కన్నడ సోదరులతో కలిసి సంతకములు చేయవలెను. చెఱువు తెలుగువారిది కాదు, కన్నడిగులది కాదు, ఊరిది. భాషా మైనారిటీలమని పాఠశాలకై, గ్రంథాలయమునకై మనము పలుమాఱులు అధికారుల తలుపు తట్టితిమి. అది మన హక్కు. కాని మన కొఱకు మాత్రమే అడుగువారమను పేరు మనకు వలదు. ఊరందఱి కొఱకు అడిగిననాడు మనము ఈ ఊరివారమని వేఱుగ ఋజువు చేసికొనవలసిన పని యుండదు.

నాలుగవది, ఇది మన వర్తక సోదరులకు: ఉమ్మడి స్థలముపై గుత్త పాట పాడవచ్చినప్పుడు, ఆ స్థలమున అంతకుముందు ఎవరుండిరని అడిగి మఱి పాడుడు. నాకును ఇటువంటి బేరములు రాకపోలేదు. లాభము తక్కువైనను పట్టా భూమిలోని తోపులనే తీసికొనుచున్నాను. బియ్యము కొనునప్పుడు రాళ్లున్నవేమో చూతుము కదా. గుత్త కొనునప్పుడు దానిలో ఎవరి కూడున్నదో చూచుట మన కసాధ్యము కాదు.

ఊరంత చుట్టములే, ఉట్టి కట్ట తావు లేదని సామెత. కోటికి మించిన జనము గల ఈ నగరములో ఉట్టి కట్ట తావు మాట యటుంచి, ఉచితముగ నిలుచుండుటకు తావు లేని దినము దూరములో లేదు. మన సంఘము వచ్చు సర్వసభ్య సమావేశమున పై నాలుగు అంశములను చర్చకు పెట్టవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. పేటకు ఇద్దఱు చొప్పున సభ్యులు ముందుకు వచ్చినచో, వానకాలము మొదలగు లోపల పట్టికలు వ్రాయుట పూర్తికాగలదు. పట్టికకు కావలసిన పుస్తకములు, ముద్రణ వ్యయము నేను భరింతును. వడ్డె కుటుంబముల పెద్దలు తమ తాతలు ఏ చెఱువు పనికి ఈ సీమకు వచ్చిరో జ్ఞాపకమున్నంతవఱకు చెప్పినచో, ఆ వివరములను ముందుగ వ్రాయుదము.